సోఫాకి సరిగ్గా పైన

హాలు పైకప్పు మీద, సోఫాకి సరిగ్గా పైన, రాత్రి పడుకునేటప్పుడు లేని మరక ఒకటి ఉంది. ఇళ్ళక్క చేతిలో చీపురుతో తలెత్తి చూస్తుండగానే అది ఇంకాస్త పెరిగింది.

అన్నం తినే పళ్ళెమంత మరక. మధ్యలో తడి, చుట్టూ టీ ఒలికినట్టు గోధుమరంగు అంచు. కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. అక్కడే ఉంది. ఇంకే రోజైనా అయితే చూద్దాంలే అనుకుని ఊడవడం పూర్తి చేసేది. కానీ ఆ రోజు పదింటికి ఇల్లు కొనేవాళ్ళు ఆఖరిసారి చూసుకుని, అంతా బాగుంటే అడ్వాన్సు చేతిలో పెట్టడానికి వస్తున్నారు. రాగానే కూర్చోబెట్టేది ఆ సోఫాలోనే.

ఇళ్ళక్క అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. చుట్టుపక్కల ఇళ్ళు అమ్మించేదీ, అద్దెకు కుదిర్చేదీ ఆవిడే కాబట్టి వీధివాళ్ళు పెట్టుకున్న పేరు. ఇల్లు ఎలా అమ్మాలో, ఎలా కొనాలో, ఏ గోడకి ఏ రంగు వెయ్యాలో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పడం ఆమెకి అలవాటు. ఇన్నేళ్ళూ ఆ వ్యాపారమంతా వంటింటి పక్కనున్న భోజనాల బల్ల మీదే నడిచింది. ఒకరి ఇంటి పత్రాల మీద పప్పు పడటం, ఇంకొకరి తాళాలు ఊరగాయ జాడీ పక్కన దొరకడం మామూలైపోయింది. ఇప్పుడు పెద్దరోడ్డు మలుపులో ఒక ఇల్లు అమ్మకానికి వచ్చింది. చిన్నదే. ముందు గదికి అద్దాల తలుపు, వెనక కాపురానికి సరిపడా చోటు. ఆ ఇల్లు చూసిన రోజు నుంచీ అద్దాల తలుపు వెనక కుర్చీలో కూర్చున్నట్టు ఆమెకి కలలు వస్తున్నాయి. ఆ ఇంటాయన ఈ రోజు సాయంత్రం దాకా ఆగుతానన్నాడు. ఆ తర్వాత చెప్పుల వ్యాపారికి ఇచ్చేస్తానన్నాడు. అది కొనాలంటే ఇది అమ్ముడుపోవాలి. ఇది అమ్ముడుపోవాలంటే ఆ మరక ఉండకూడదు.

కంగారులో వెళ్ళి భర్తను లేపింది. అది మొదటి పొరపాటు.

ఆయన బీమా సర్వేయరు. కాలిపోయిన గిడ్డంగులూ, గుద్దుకున్న కార్లూ, నీళ్ళు చేరిన దుకాణాలూ చూసి, నష్టం ఎందువల్ల జరిగిందో, ఎవరివల్ల జరిగిందో తేల్చి కంపెనీకి చెప్పడం ఆయన ఉద్యోగం. హాల్లోకి వచ్చి తలెత్తి చూశాడు. మొహంలో ఆందోళన లేదు సరికదా, పెద్దమనిషిని చూసినప్పటి గౌరవం కనిపించింది.

"ముట్టుకోకు," అన్నాడు.

"పైకప్పుని ఎవరు ముట్టుకుంటారండీ?"

"దేన్నీ ముట్టుకోకు. సోఫా కూడా జరపకు. నష్టం జరిగిన చోటు జరిగింది జరిగినట్టే ఉండాలి."

ఆ తర్వాత ఆయన కుర్చీ ఎక్కి, టేపు పట్టి, నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకుంటూ ఆమెకి విషయం బోధపరిచాడు. ఈ మరక పైనుంచి వచ్చింది. పైన అద్దెకున్నది డ్రాయింగు మాస్టారు. మాస్టారి చేత అద్దెదారు బీమా కట్టించింది ఈయనే. అలాంటి బీమాలో అద్దెకున్నవాళ్ళ సొంత సామానుకే కాదు, వాళ్ళ అజాగ్రత్త వల్ల ఇంకొకరికి కలిగిన నష్టానికి కూడా కంపెనీయే పూచీ. కాబట్టి దిగులు లేదు. సాక్ష్యం చెదరకుండా ఉంటే చాలు.

తనకి కావలసింది కంపెనీ పూచీ కాదనీ, పదింటికల్లా తెల్లటి పైకప్పనీ ఇళ్ళక్క మొత్తుకుంది. రెండూ కావాలంటే కుదరదన్నాడాయన. పోనీ పైకి వెళ్ళి చూద్దామంటే, పై వాటాకి మాస్టారి సొంత తాళం వేసి ఉంది. నిన్న మధ్యాహ్నం కొనేవాళ్ళకి తన గదులన్నీ చూపించి, వాళ్ళు దిగగానే తాళం పెట్టుకుని, ఆయన పక్క ఊళ్ళో ఉన్న అక్కగారింటికి వెళ్ళిపోయాడు. ఆ తాళం పగలగొడదామని ఆమె అన్న మాటకి భర్త కుర్చీ మీంచే ఆమెని చూసిన చూపు, ఇంటికి నిప్పు పెడదామన్నప్పుడు చూడాల్సిన చూపు. అద్దెకున్న మనిషి లేనప్పుడు అతని ఇంట్లో అడుగుపెట్టకూడదని ఒప్పందంలో రాసి ఉంది. రాసింది ఆయనే.

చివరికి మాస్టారికి ఫోను చేశారు. ఇళ్ళక్క మాట్లాడి ఉంటే సంగతి వేరేగా ఉండేది. ఫోను సర్వేయరు చేతిలో ఉంది. పలకరింపు లేదు, క్షేమ సమాచారం లేదు. ఇల్లు వదిలేముందు ఆఖరున ఏ పంపు వాడారని, దాన్ని కట్టేసినట్టు గుర్తుందా లేదా అని, గుర్తుంటే ఏ చేత్తో కట్టేశారని వరసగా అడిగాడు. మాస్టారి గొంతు హాలంతా వినిపించింది.

"ఇల్లు అమ్ముకుంటూ పోయేముందు నా నెత్తిన ఏదో రుద్దుదామని చూస్తున్నట్టున్నారు. మొదటి బస్సుకే వస్తున్నా. నేను వచ్చేదాకా నా తలుపు మీద చెయ్యి వెయ్యకండి."

ఆ ఇంట్లో ఆ ఉదయం ప్రతివాళ్ళూ ఏదో ఒకటి ముట్టుకోవద్దనే అంటున్నారు. ఇళ్ళక్క మరకని చూసింది. పళ్ళెం పోయి చేట అయింది. భర్త స్నానానికి వెళ్ళిన అదను చూసి మరిదికి ఫోను చేసింది. అది రెండో పొరపాటు.

మరిది ఇళ్ళ మరమ్మతుల కాంట్రాక్టరు. నిన్ననే వచ్చి, అమ్మకానికి ముస్తాబుగా వంటింట్లో కొత్త పంపు బిగించి వెళ్ళాడు. పనిమంతుడే, కాదనలేం. కాకపోతే గోడ లోపల ఏముందో గోడ పగిలితే గానీ తెలియదని నమ్మిన మనిషి. వస్తూనే పైకప్పుని ఒకసారి చూసి పెదవి విరిచాడు. గోడ దగ్గరికి వెళ్ళి, డాక్టరు రోగి రొమ్ముకి చెవి ఆనించినట్టు ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు.

"వదినా, ఇటు రా. విను."

ఆమె చెవి పెట్టింది. గోడలో నిజంగానే చప్పుడుంది. సన్నగా, ఎడతెగకుండా, ఎవరో రహస్యం చెబుతున్నట్టు నీళ్ళు పారుతున్న చప్పుడు.

"గోడలో పైపు పగిలింది. ఆ చెమ్మే పైకి పాకుతోంది," అన్నాడు మరిది.

"నీళ్ళు కింది నుంచి పైకి పోతాయా?"

"చెమ్మకి పైనా కిందా ఉండదు వదినా. చిన్న కన్నం పెడతాను. పావుగంటలో మూసేస్తాను. అన్నయ్య తల తుడుచుకునేలోపు అయిపోతుంది."

అయిపోయింది కూడా. ఉలి మీద సుత్తి నాలుగోసారి పడగానే, అప్పటిదాకా గుండ్రాయిలా ఉన్న పైపు పగిలి, నీళ్ళు హాలుకి అడ్డంగా ఎగిరి ఎదుటి గోడ మీది గడియారాన్ని తడిపాయి. మరిది అరచేత్తో కన్నం మూశాడు. నీళ్ళు అతని చంక కింది నుంచి వచ్చాయి. వీపు ఆనించాడు. మెడ పక్కనుంచి వచ్చాయి. ఇళ్ళక్క మెట్ల కిందికి పరుగెత్తి, మెయిన్ వాల్వుని రెండు చేతులా పట్టుకుని తిప్పేసింది. ధార ఆగింది. స్నానాల గదిలోంచి, సబ్బు నురగలో చిక్కుకుపోయిన సర్వేయరు కేక వినిపించింది.

తొమ్మిదిన్నర.

మరిది నేల తుడిచాడు. ఇద్దరూ కలిసి పుస్తకాల బీరువాని ఈడ్చుకొచ్చి గోడలో కన్నానికి అడ్డం పెట్టారు. నేల మీద అది జరిగిన గీత పడింది. గీత మీద చాప పరిచారు. పైకప్పు మిగిలింది. తడి మరక మీద రంగు వెయ్యకండి, వేస్తే రెట్టింపు కనిపిస్తుందని ఇళ్ళక్క ఎన్ని ఇళ్ళలో ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు. గత్యంతరం లేక నిచ్చెన ఎక్కి, మిగిలిపోయిన తెల్లరంగు డబ్బా తీసి, తనే రెండు పూతలు వేసింది. కిందికి దిగి చూసుకుంది. తన సలహా ఎంత గొప్పదో ఆమెకి మొదటిసారి కళ్ళారా కనిపించింది. గోధుమరంగు చేట చుట్టూ ఇప్పుడు తళతళలాడే తెల్లటి వలయం ఉంది. వీధిలోంచి కూడా కనిపించేలా ఉంది.

చెవుల వెనక సబ్బుతోనే హాల్లోకి వచ్చిన భర్త, ముందు చాపని, తర్వాత బీరువాని, ఆ తర్వాత పైకప్పుని చూశాడు. ఎవరినీ తిట్టలేదు. తమ్ముడి చేతిలో సుత్తి చూసి తల తిప్పుకున్నాడు.

"సాక్ష్యానికి సున్నం కొట్టారు," అన్నాడు, పోయినవాళ్ళ గురించి చెప్పే గొంతుతో.

ఇళ్ళక్క ఆయన చెయ్యి పట్టుకుని బతిమాలుకుంది. వాళ్ళు వచ్చినంతసేపూ అడిగితే తప్ప నోరు తెరవవద్దంది. అబద్ధం ఆడమనడం లేదనీ, నిజాన్ని కాస్త ఆలస్యం చెయ్యమంటున్నాననీ అంది. ఆయన ఆలోచించి ఒప్పుకున్నాడు. మరిదిని బీరువాకి ఆనుకుని నిలబడమంది. ఇన్నేళ్ళ అనుభవం ఆమెకి ఇచ్చిన ధైర్యం ఒకటుంది. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు నేల చూస్తారు, కిటికీ చూస్తారు, వంటిల్లు చూస్తారు. పైకప్పు ఎవరూ చూడరు.

గేటు దగ్గర కారు ఆగాక గానీ ఆమెకి గుర్తురాలేదు. వస్తున్నావిడ పళ్ళ డాక్టరు. జీవితమంతా పై వరసలో నల్ల మచ్చలు వెతుక్కుంటూ బతికే మనిషి.

డాక్టరమ్మ పొడుగ్గా, నిటారుగా ఉంటుంది. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మాట వినదు, పలువరస చూస్తుంది. భర్త లైబ్రరీలో ఉద్యోగి. నిన్న ఇల్లు చూసినంతసేపూ ఆయన నోట్లోంచి వచ్చినవి ఊ, ఆ అనే రెండే అక్షరాలు. అలాంటి మనిషి ఈ రోజు కారు దిగుతూనే భార్యని దాటుకుని గబగబా మెట్లెక్కి, అందరికంటే ముందు హాల్లోకి వచ్చాడు. వచ్చి తిన్నగా పైకప్పు చూశాడు.

ఆయన మొహం సున్నం కొట్టినట్టయింది. ఇళ్ళక్క ఆయన్ని చూసింది. ఆయన ఇళ్ళక్కని చూశాడు. అయిపోయింది, ఇప్పుడు భార్యని పిలుస్తాడు, అనుకుంది.

ఆయన వెనక్కి తిరిగి భార్యకి ఎదురెళ్ళాడు. "చాలా బాగుంది," అన్నాడు బిగ్గరగా. "నేల చూడు. ఎంత నున్నగా ఉందో నేల చూడు."

డాక్టరమ్మ నేల చూసింది. కిటికీలు చూసింది. గడియారంలోంచి నీటి బొట్టు ఎందుకు జారుతోందో అర్థంకాక దాన్ని కాసేపు చూసింది. ఆమె గడ్డం ఏమాత్రం పైకి లేవబోయినా భర్తకి ఏదో ఒకటి జరుగుతోంది. ఒకసారి తాళంచెవులు జారిపడ్డాయి. ఒకసారి కళ్ళజోడు. ఇంకోసారి దగ్గు తెర వచ్చింది. ఎందుకు ఇలా చేస్తున్నాడో ఇళ్ళక్కకి అంతుపట్టలేదు. ఇలాంటి మెత్తని మనుషుల్ని ఆమె చాలామందిని చూసింది. అన్నీ చూసి, ఏమీ చూడనట్టుండి, చివర్లో బేరం దగ్గర గొంతు పట్టుకుంటారు. అదే అయి ఉంటుందని గట్టిగా అనుకుని, అందుకు మనసు సిద్ధం చేసుకుంది.

అప్పుడు మరక అంచులోంచి మొదటి చుక్క జారింది.

రంగు కలిసిన నీళ్ళు. పాల చుక్కలా తెల్లగా, సోఫా ముందు నేల మీద టప్పున పడింది. డాక్టరమ్మ బీరువాలో పుస్తకాల పేర్లు చదువుతూ, దానికి కావలి కాస్తున్న మరిదిని కాస్త జరగమని అడుగుతోంది. పుస్తకాలంటే ప్రాణమనీ, పక్కనుండకపోతే తోచదనీ మరిది చెబుతున్నాడు. రెండో చుక్క పైన వేలాడుతోంది. డాక్టరమ్మ ఇటు తిరిగేలోపు లైబ్రరీ ఆయన రెండంగల్లో వచ్చి, సరిగ్గా ఆ చోట నిలబడ్డాడు. చుక్క ఆయన బట్టతల మీద పడింది. ఆయన కదల్లేదు. తుడుచుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, ఏదో సభలో నిలబడ్డట్టు గంభీరంగా నిలబడ్డాడు. మూడో చుక్క కూడా తల మీదే తీసుకున్నాడు.

ఇళ్ళక్క కళ్ళు చెమర్చాయి. బేరం కోసం ఇంత చేసేవాడు ఎవరూ ఉండడు. ఈయన మనిషి కాదు, దేవుడనుకుంది.

డాక్టరమ్మ అడక్కూడని మనిషిని అడక్కూడని ప్రశ్న అడిగింది. "ఈ ఇంట్లో నీళ్ళు కారడం లాంటివేమైనా ఉన్నాయాండీ?"

సర్వేయరు భార్య వైపు చూశాడు. అడిగితే చెబుతానన్న ఒప్పందం ఆయన మొహం మీద రాసి ఉంది. గొంతు సవరించుకుని, ఆ విషయం ఇంకా పరిశీలనలో ఉందనీ, కారణాలు నిర్ధారణ కాకుండా ఏమీ చెప్పడం పద్ధతి కాదనీ అన్నాడు.

"వంటిల్లు చూద్దాం రండి," అంది ఇళ్ళక్క, డాక్టరమ్మ మోచెయ్యి పట్టుకుని దాదాపు లాక్కెళుతూ.

వంటింట్లో మరిది బిగించిన కొత్త పంపు మెరిసిపోతోంది. డాక్టరమ్మ దాన్ని మెచ్చుకుంటూ తిప్పింది. చుక్క రాలేదు. మళ్ళీ తిప్పింది. పంపు నోట్లోకి వంగి చూసింది. వీధంతటికీ సరఫరా ఆపినట్టున్నారని ఇళ్ళక్క నాలుక చివరికి వచ్చిన అబద్ధం ఆడేసింది. వెనకాలే వచ్చిన లైబ్రరీ ఆయన గబుక్కున అందుకున్నాడు.

"అవునవును. నిన్న కూడా రాలేదు."

ఇళ్ళక్క ఆయన వైపు కృతజ్ఞతగా చూసింది. ఆ క్షణంలో గేటు ధడాలుమంది.

మాస్టారు సంచీ భుజాన వేసుకుని, ఎవరినీ పలకరించకుండా నేరుగా మెట్ల వైపు నడిచాడు. వెనక సర్వేయరు టేపుతో, ఆయన వెనక మరిది సుత్తితో ఎక్కారు. ఇక ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఏం జరుగుతోందని అడుగుతూ డాక్టరమ్మ, ఏమీ లేదంటూ ఇళ్ళక్క, అందరికంటే వెనగ్గా, మెట్టు మెట్టుకీ ఆగుతూ లైబ్రరీ ఆయన. మాస్టారు తాళం తీసి తలుపు నెట్టాడు.

నీళ్ళు గడప దాటి వాళ్ళ కాళ్ళ మీదికి వచ్చాయి.

నడవలో గోడకున్న చేతులు కడుక్కునే బేసిన్ అంచుదాకా నిండి ఉంది. అడుగున బిరడా బిగించి ఉంది. పంపు బార్లా తెరిచి ఉంది. కింద వాల్వు కట్టేసి ఉండటంతో దాంట్లోంచి నీళ్ళు రావడం లేదుగానీ, రాత్రంతా ఏం జరిగిందో నేల చెబుతోంది. గోడకి ఆనించిన బొమ్మల్లో ఒకటి అడుగు నుంచి తడిసి, అందులో ఎవరో ముసలావిడ మోకాళ్ళ దాకా కరిగిపోయింది. మాస్టారు దాన్ని రెండు చేతులా ఎత్తుకుని అలాగే నిలబడ్డాడు. ఆ ముసలావిడ ఆయన అక్కగారు.

"పంపు తెరిచి ఉంది. బిరడా పెట్టి ఉంది. తాళం ఒక్కరి దగ్గరే ఉంది," అన్నాడు సర్వేయరు. ఉద్యోగంలో ఆయన గొంతులో కోపం ఉండదు, జాలి కూడా ఉండదు. "కింద హాలు పైకప్పు మీది మరకకి కారణం అద్దెదారు అజాగ్రత్త. కంపెనీకి ఈ రోజే తెలియజేస్తాను."

మాస్టారు ఇంతెత్తున లేస్తాడనుకున్నారు. లేవలేదు. నీరసంగా గోడకి జారగిలబడ్డాడు. తాను బిరడా పెట్టలేదనీ, పంపు తిప్పలేదనీ, కావాలంటే అక్క మీద ఒట్టని చెప్పాడు. తనకి కుదిరిన కొత్త ఇంటాయన పాత బీమా చరిత్ర చూసిగానీ తాళం ఇవ్వనన్నాడట. అందులో ఈ మచ్చ పడితే ఈ వయసులో, ఇన్ని బొమ్మలతో తనకి ఇల్లు ఎవరిస్తారని ఇళ్ళక్కని అడిగాడు. ఇళ్ళు కుదిర్చేది ఆమే కాబట్టి ఆమెనే అడిగాడు.

డాక్టరమ్మ అప్పటిదాకా చేతులు కట్టుకుని చూస్తోంది. ఇప్పుడు పైకప్పు సంగతి, బీరువా సంగతి, గడియారం సంగతి వరసగా ఆమెకి అర్థమైనట్టున్నాయి. డాక్టరమ్మ తల ఊపి, అయితే లోపం ఇంటిది కాదన్నమాట, అంది. అద్దెకున్నాయన మతిమరుపు అయితే తమకి అభ్యంతరం లేదంది. ఇల్లు గట్టిదే కదా, కింది మరమ్మతులు చేయించి ఇస్తే ఇప్పుడే అడ్వాన్సు ఇచ్చేస్తానని సంచీ జిప్పు మీద చెయ్యి వేసింది.

అద్దాల తలుపు ఇళ్ళక్క కళ్ళముందు మెరిసింది. ఒక్క మాట మాట్లాడకుండా నిలబడితే చాలు. నోరు మూసుకోవడమే ఆ రోజు ఆమె చెయ్యాల్సిన పని. అదే సమయానికి ఆమె చెవిలో ఒక మాట తిరిగి వినిపించింది. నిన్న కూడా రాలేదు.

మరిది వైపు తిరిగి, నిన్న కొత్త పంపు బిగించేటప్పుడు వాల్వు కట్టేశావా అని అడిగింది. మధ్యాహ్నమంతా కట్టేశాననీ, వెళ్ళేటప్పుడు సాయంత్రం తిప్పాననీ మరిది చెప్పాడు. ఆ మధ్యాహ్నం కింది పంపుని కొనేవాళ్ళెవరూ తాకలేదు. అది ఊడదీసి బల్ల మీద ఉంది. మరి నిన్న నీళ్ళు రాలేదని తెలియాలంటే ఇంకెక్కడో పంపు తిప్పి ఉండాలి.

అడ్వాన్సు ఇవ్వబోతున్న మనిషి మొగుణ్ణి నలుగురిలో నిలదీస్తే ఆ ఇల్లు ఎవరు కొంటారు? చెప్పుల వ్యాపారి మొహం కనిపించింది. మాస్టారి చేతుల్లో మోకాళ్ళ దాకా కరిగిన అక్కగారి బొమ్మా కనిపించింది.

"ఏమండీ," అంది ఇళ్ళక్క, మెట్ల మీద ఇంకా సగం దాకానే వచ్చిన లైబ్రరీ ఆయనతో. "నిన్న నీళ్ళు రాలేదని మీకెలా తెలుసు?"

ఆయన బట్టతల మీద తెల్లరంగు చుక్కలు ఎండి, పక్షి రెట్టల్లా ఉన్నాయి. జేబు రుమాలు తీశాడు, తుడుచుకోలేదు, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"నేనేనండీ," అన్నాడు.

డాక్టరమ్మ కళ్ళు మూసుకుంది. "మళ్ళీనా?" అంది, పాత రోగి పాత పన్నుతోనే తిరిగొచ్చినప్పుడు అడిగినట్టు.

"మాస్టారికి ఏ పాపమూ తెలీదండీ. నిన్న మీరే కదండీ చెప్పారు, ఇల్లు కొనేముందు ప్రతి పంపూ తిప్పి చూడండి, బేసిన్ నింపి వదిలితే నీళ్ళెంత తొందరగా దిగుతాయో తెలుస్తుంది అని. మీరంతా బాల్కనీలో ఉన్నప్పుడు బిరడా పెట్టి పంపు తిప్పాను. చుక్క రాలేదు. ఇంకా తిప్పాను. ఈలోగా ఈవిడ పిలిచింది. ఈవిడ పిలిస్తే నేను వెళ్ళిపోతానండీ, చేతిలో ఏముందో చూసుకోను. పొద్దున పళ్ళు తోముకుంటుంటే గుర్తొచ్చింది. అందుకే ఈవిడ కంటే ముందు లోపలికి వచ్చాను. మరక చూడగానే మీ మొహం చూశాను. మీరు దాస్తున్నారని అర్థమై కాస్త ధైర్యం వచ్చింది, నేను కూడా దాచాను."

ఆయన మిగిలిన మెట్లెక్కి, మాస్టారి ముందుకి వచ్చి రెండు చేతులూ జోడించాడు. తడిసిన బొమ్మకి ఏం చెయ్యాలో తనకి తెలీదనీ, ఏం చెయ్యమంటే అది చేస్తాననీ అన్నాడు. తర్వాత ఇళ్ళక్క మొహం చూసి, ఆమె దేనికి భయపడుతోందో కనిపెట్టినట్టు, గొంతు తగ్గించాడు.

"మీరు అడిగారని మేం కొనకుండా పోమండీ. పోవడానికి మాకు చోటు లేదు. ఇప్పుడున్న ఇంట్లో రెండుసార్లు ఇలాగే అయింది. కిందివాళ్ళ పరుపులన్నీ పోయాయి. అంతకుముందు ఇంట్లో కింద బట్టల దుకాణం. అద్దెదారు బీమా ఉండబట్టి గట్టెక్కాం. ఇప్పుడు మా పేరు చెబితే చాలు, కంపెనీ వాళ్ళు ఫోను పెట్టేస్తున్నారు. బీమా లేనిదే ఇల్లివ్వరు, ఇల్లుగలవాళ్ళంతా ఒకళ్ళకొకళ్ళు చెప్పేసుకున్నారు. అందుకే కొనుక్కుంటున్నామండీ. అదైనా కిందా పైనా కలిపి అమ్మే ఇల్లే కావాలని ఈవిడ పట్టుపట్టింది. చెక్కు సంచీలో రాసే ఉంది, తీసుకోండి. పైనా మేమే, కిందా మేమే అయితే, కారినా మా నెత్తి మీదే కదండీ కారేది."